గూట్లో మాత్రలు, వాకిట్లో కుక్క

శింగనమలలో పాత మిద్దెలకు గోడల్లోనే గూళ్లుంటాయి. ఒకప్పుడు వాటిల్లో దీపం పెట్టేవాళ్లు. కరెంటొచ్చాక దీపం పోయింది, గూడు మిగిలింది. ఇప్పుడక్కడ మెడికల్ షాపు కవరు ఉంటుంది. విప్పి చూస్తే ఆ ఇంటి ఆరోగ్య చరిత్రంతా బయటపడుతుంది. అవ్వకు మోకాళ్ల నొప్పుల మాత్రలు, అబ్బకు బీపీవి, షుగరువి, కోడలు కడుపుతో ఉన్నప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన ఎర్ర ఐరన్ మాత్రల్లో మిగిలినవి, ఎవరికో జ్వరమొస్తే తెచ్చి సగం వాడిన పారాసిటమాల్ షీటు. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగిన ఊళ్లు చాలా ఉన్నాయి. శెనక్కాయ చెట్లు పీకి పీకి నడుములు వంగిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. నొప్పి మాత్ర లేని గూడు వెతికినా దొరకదు.

అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. చెరువు కట్టకు ఇవతల, వాకిట్లో వేపచెట్టు, దాని కింద ఒక నాటు కుక్క. పేరు రాజా. పొద్దుగూకే వేళ. అవ్వ మాత్ర వేసుకుని కవరు మంచం మీదే మరిచిపోయి కొళాయి కాడికి పోయింది. బిందెతో తిరిగొచ్చేసరికి షీటు వాకిట్లో పడి ఉంది, పంటిగాట్లతో, రేకు చీలికలు చీలికలై.

"ఒరే, కుక్క మాత్రలు తినేసింది రా!"

ఇక ఇరుగుపొరుగు రాకుండా ఉంటారా?

"ఉప్పునీళ్లు పొయ్యండప్పా, కక్కేస్తుంది."

"చింతపండు పిసికి పోయల్ల. మా పెద్దాయన అదే పోసేవాడు."

"మజ్జిగ పోస్తే యిసం ఇరుగుతుంది."

"ఆముదం పొయ్యి, కిందికి పోతుంది."

నలుగురు చెప్పిన నాలుగు వైద్యాల్లోనూ క్రియాపదం ఒక్కటే, పొయ్యడం. నా తగాదా ఆ క్రియాపదంతోనే. మాత్రలు మింగిన కుక్కకు మొదటి అరగంటలో ఇంట్లో చేయదగ్గ వైద్యం పొయ్యడం కాదు, లెక్కపెట్టడం. వానను మిల్లీమీటర్లలో లెక్కపెట్టి, పదునైందా కాలేదా అని తేల్చుకుని విత్తనం వేసే నేల ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో బతికే చోట లెక్క ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. మిల్లీమీటరు బదులు మిల్లీగ్రాము, అంతే తేడా.

ముందు ఆ పొయ్యడాల సంగతి తేల్చుకుందాం.

ఉప్పునీళ్లు. ఉప్పు కడుపును మండించి కక్కిస్తుందనే మాట నిజమే, ఒక్కోసారి. కక్కించకపోతే మాత్రం ఆ ఉప్పంతా రక్తంలోకి పోతుంది. కుక్క బరువులో కిలోకు రెండు మూడు గ్రాముల ఉప్పు చాలు విషలక్షణాలు కనిపించడానికి, నాలుగు గ్రాములైతే ప్రాణానికే ముప్పు. చెంబు నీళ్లలో పిడికెడు ఉప్పు, అంటే దాదాపు 40 గ్రాములు కలిపి పన్నెండు కిలోల కుక్క గొంతులో పోస్తే కిలోకు మూడు గ్రాములు దాటింది. రక్తంలో సోడియం పెరిగేకొద్దీ మెదడు కణాల్లోని నీళ్లు బయటికి లాగేసుకుంటుంది. కుక్క తూలుతుంది, వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి. చూసేవాళ్లు మాత్రల పనే అనుకుంటారు. అది ఉప్పు పని.

చింతపండు మరీ విచిత్రం. కుక్కలకు ద్రాక్ష, కిస్మిస్ విషమని, మూత్రపిండాలు చెడిపోతాయని పశువైద్యులకు చాన్నాళ్లుగా తెలుసు. ద్రాక్షలో ఉన్నదేమిటో మాత్రం అంతుపట్టలేదు. 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ జంతు విష నియంత్రణ కేంద్రం వైద్యులు ఒక ఆనవాలు పట్టుకున్నారు. బేకరీల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కకూ ద్రాక్ష తిన్న కుక్కకూ ఒకే రకంగా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. రెండింట్లోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. మరుసటి ఏడాది వాళ్లే రాసిన వ్యాసంలో ఇంకో పదార్థం చేరింది. మన చింతపండే. దాని పులుపులో పెద్ద వాటా టార్టారిక్ ఆమ్లానిదే. హిందూపురం మార్కెట్టుకు బండ్లకొద్దీ చింతపండు దిగే ఈ సీమలో, మాత్రకు విరుగుడని పోసే పులుసు తనంతట తానే రెండో విషం అవుతోందన్నమాట. మనం పులుసన్నం తిని హాయిగా ఉంటాం, కుక్క ఉండలేదు. ఆ ఆమ్లాన్ని తోసేసే పని దాని మూత్రపిండానికి మనంత బాగా చేతకాదని ఇప్పుడనుకుంటున్నారు.

ఆముదం, మంచినూనె గొంతు దాటేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. మజ్జిగ, పాలు ఏ మందునూ విరిచేయవు. పైగా నూనెలో, వెన్నలో కరిగే మందులు కొన్ని ఇంకా తొందరగా ఒంటికి పడతాయి. ఇంటర్నెట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమంటారు. అది అక్కడి పశువైద్యులు ఫోన్లో బరువు అడిగి, కొలత చెప్పి, 3 శాతం ద్రావణంతో చేయించే పని. మన మందుల షాపులో పుళ్లు కడగడానికి అమ్మే సీసా సాధారణంగా 20 వాల్యూముల రకం, దాదాపు 6 శాతం. రెట్టింపు గాఢత. కడుపు లోపలి పొర కాలిపోతుంది.

ఇక గొంతులో వేలు పెట్టి కక్కించే సాహసం. దాని గురించి చెప్పేదేముంది, వేలు మీది.

ఇప్పుడు లెక్క. షీటును చెత్తలో పారేయకూడదు, చీలికలతో సహా ఏరుకోవాలి. ఈ కథలో రాజా నమిలింది 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ షీటు అనుకుందాం, మొత్తం 15 మాత్రలది. అవ్వనడిగితే వారం రోజుల్లో ఆరు వేసుకున్నానంది. చెక్కు చెదరకుండా రేకులో ఉన్నవి మూడు. మంచం కింద, కల్లాపి చల్లిన చోట నానుతూ దొరికినవి రెండు. పదిహేనులో పదకొండు పోతే నాలుగు. కుక్క పొట్టలో ఉన్నవి ఆ నాలుగు. అవ్వ జ్ఞాపకం మీద నమ్మకం లేకపోతే ఎక్కువ వైపే లెక్కెయ్యాలి.

తర్వాత బరువు. కుక్కను చంకనేసుకుని కాటా ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి, తీసివేయడం సులువైన దారి. రేషన్ షాపు కాటా అయినా పర్లేదు, శెనక్కాయ మూటలు తూచే వ్యాపారి కాటా అయినా పర్లేదు. గొర్రె పొట్టేళ్లను వేలాడదీసి తూచే తక్కెడ ఉన్నవాళ్లు మరీ అదృష్టవంతులు. గొర్రెల కాపరులు మాత్రం కాటా జోలికే పోరు, ఎత్తి చూసి కిలో అటూఇటూగా చెప్పేస్తారు. రాజా 12 కిలోలు తూగింది.

నాలుగు మాత్రలు, ఒక్కోటి 650. మొత్తం 2,600 మిల్లీగ్రాములు. పన్నెండుతో భాగిస్తే కిలోకు దాదాపు 217.

ఆ అంకెకు అర్థముంది. కుక్కలో పారాసిటమాల్ కిలోకు 100 మిల్లీగ్రాములు దాటితే కాలేయానికి ముప్పు, 200 దాటితే రక్తానికి కూడా. రాజా రెండు గీతలూ దాటేసింది. ఒక్క 500 మాత్ర మింగి ఉంటే కిలోకు 42, బహుశా వాంతితో సరిపోయేది. "మాత్రలే కదా" అనే మాటకూ "అయ్యో, చచ్చిపోతుంది" అనే మాటకూ మధ్య ఉన్నది ఈ భాగహారమే.

మూడో అంకె వేళ. ఎప్పుడు మింగింది? చూసినవాళ్లు లేకపోతే, చివరిసారి షీటు బాగా ఉండగా చూసింది ఎప్పుడు? మాత్ర కడుపులో ఉన్నంతసేపే కక్కించడంలో లాభం. సాధారణంగా ఒక గంట, రెండు గంటలు. షీటు మీద మందు పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో అక్షరాలుంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. గడువు కొంచెం పెరుగుతుంది, కానీ ప్రభావం కూడా అంతసేపు సాగుతుంది. ఆ రెండు అక్షరాలు డాక్టరుకు ఫోన్లో చదివి వినిపించాలి. రేకుతో సహా మింగేసిన అనుమానం ఉంటే అదీ చెప్పాలి. రేకు అంచులు గొంతునూ పేగునూ కోస్తాయి.

కుక్కకు ఈ మాత్రల మీద ఎందుకింత ఆశ అంటే, పాపం దానికి ఆశ లేదు, పరిశీలన ఉంది. మన నాలుక మీద తొమ్మిది వేల దాకా రుచి మొగ్గలుంటే దానికి ఉన్నవి 1,700. చేదు మనకు తగిలినంత గట్టిగా తగలదు. షీటుకు అంటిన అవ్వ చేతివాసన, సంకటి వాసన చాలు. ఐరన్ మాత్రకైతే తియ్యటి పూత కూడా ఉంటుంది. నమలకుండా మింగడం దాని పద్ధతి.

ఒక టోపీ కథ

మనిషి కిలోకు 217 మిల్లీగ్రాములు తట్టుకోగలడా? అది మనిషికీ ప్రమాదమే. కానీ మనిషికి ముందు దెబ్బతినేది కాలేయం. కుక్కకు ఇంకో దారిలో కూడా దెబ్బ తగులుతుంది, ఆ దారి దాని జన్యువుల్లోనే ఉంది.

పారాసిటమాల్ అనే పేరు పారా అసెటైల్ అమినో ఫినాల్‌ను కుదిస్తే వచ్చింది. మధ్యలో ఉన్న అసెటైల్ అనే ముక్కను టోపీ అనుకోండి. ఒంట్లోకి పోయాక కొన్ని అణువులకు ఆ టోపీ ఊడిపోతుంది. మిగిలేది పారా అమినో ఫినాల్, ఒట్టి తలతో తిరిగే రౌడీ. మన కాలేయంలో ఎన్‌ఏటీ అని పిలిచే ఎంజైములున్నాయి, ఊడిన టోపీని మళ్లీ పెట్టేస్తాయి. కుక్కలో ఆ ఎంజైము లేదు. తక్కువ ఉండటం కాదు, దాన్ని తయారుచేసే జన్యువే లేదని 1997లో తేలింది. కుక్క ఒక్కటే కాదు, దాని కుటుంబంలో పరీక్షించిన ఇతర జంతువుల్లోనూ లేదు. ఈ పీఠభూమి గుట్టల్లో గొర్రెల మంద వెనక తిరిగే తోడేలుకూ, మంద ముందు కాపలా ఉండే కుక్కకూ ఆ లోటు ఉమ్మడి ఆస్తి.

టోపీలేని ఆ పదార్థం ఎర్రరక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌లోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఆక్సిజన్‌ను మోయలేదు. అప్పుడు రక్తం ఎరుపు పోయి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. కుక్క పై పెదవి ఎత్తి చూస్తే గులాబిరంగులో ఉండాల్సిన చిగుళ్లు బెల్లం పాకంలా కనిపిస్తాయి. కొన్ని కుక్కలకు మూతి, పాదాలు కూడా ఉబ్బుతాయి. కాలేయం దెబ్బ ఇంకా వెనక వస్తుంది, ఒకటి రెండు రోజులకు పచ్చకామెర్లలా కళ్లు పసుపెక్కినప్పుడు. పిల్లి సంగతి ఇంకా అధ్వానం. పారాసిటమాల్‌ను సరిగా వదిలించుకునే ఇంకో ఎంజైము కూడా దానికి లేదు, ఒక్క 500 మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

అదే ఎన్‌ఏటీ లోటు వల్ల కుక్కకు ఇంకా భయంకరమైన మాత్ర ఒకటుంది. క్షయ రోగులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రల్లోని ఐసోనియజిడ్. 1952లో ఈ మందు వచ్చాక దానివల్లే మనుషుల్లోనూ రెండు రకాలున్నారని తెలిసింది. ఎన్‌ఏటీ వేగంగా పనిచేసేవాళ్లు, నెమ్మదిగా పనిచేసేవాళ్లు. మనదేశంలో నెమ్మది రకం ఎక్కువ. కుక్క మూడో రకం, అసలు పనిచేయనిది. నాలుగు మందులు కలిపిన ఒక్కో క్షయ మాత్రలో 75 మిల్లీగ్రాముల ఐసోనియజిడ్ ఉంటుంది. 15 కిలోల కుక్క అలాంటివి పది నమిలిందంటే కిలోకు 50. అరగంట నుంచి కొన్ని గంటల్లో ఆగని ఫిట్స్, చావు.

ఈ మందు చేసే పని చిత్రమైనది. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం తయారుకావడానికి బీ6 విటమిన్ కావాలి. ఐసోనియజిడ్ ఆ బీ6ను పనిచేయనీయదు. కాబట్టి విరుగుడు కూడా బీ6 విటమిన్. మింగిన ఐసోనియజిడ్ ఎన్ని మిల్లీగ్రాములో అన్ని మిల్లీగ్రాముల బీ6 ఇంజెక్షన్‌గా ఎక్కించాలి. క్షయ మందులతోపాటు కొందరు రోగులకు బీ6 మాత్రలు కూడా ఇస్తారు, అంటే విషం, విరుగుడు ఒకే కవరులో ఉండొచ్చు. ఇది చదివి ఆ మాత్రలు కుక్కకు మింగించబోయేవాళ్లకు మళ్లీ లెక్కే దిక్కు. 750 మిల్లీగ్రాములకు 10 మిల్లీగ్రాముల మాత్రలు 75 కావాలి, అదీ ఫిట్స్‌లో ఉన్న కుక్కకు నోటి ద్వారా. ఆస్పత్రికే పోవాలి. పోయాక మాత్రం "క్షయ మాత్రలు" అనే మాట మొదట చెప్పాలి. ఇంట్లో క్షయ ఉందని చెప్పడానికి సిగ్గుపడి పేరు దాస్తే డాక్టరు మూర్ఛలకు మందిస్తాడు తప్ప బీ6 గురించి ఆలోచించడు.

రాబందు వైపు ఒక్క చూపు

నొప్పి మాత్రల దగ్గర ఆగాలి, ఎందుకంటే గూట్లో ఎక్కువున్నవి అవే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, న్యాప్రాక్సెన్. ఇవి నొప్పిని తగ్గించే పద్ధతిలోనే కడుపు గోడను కాపాడే జిగురును, మూత్రపిండానికి పోయే రక్తాన్ని కూడా తగ్గిస్తాయి. 12 కిలోల కుక్క 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఆరు మింగితే కిలోకు 200. కడుపులో పుండ్లకు దానిలో నాలుగో వంతు చాలు. 200 అంటే మూత్రపిండాలు. తారులాంటి నల్లటి విరేచనం పేగులో రక్తం కారుతోందనడానికి గుర్తు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లల్లో షీటు బదులు వంద మాత్రల డబ్బా ఉంటుంది, న్యాప్రాక్సెన్‌ది అయితే మరీ ప్రమాదం. మనిషి రక్తంలో అది సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు, కుక్కలో 74 గంటల దాకా. మందు పిత్తంతో పేగులోకి దిగడం, మళ్లీ రక్తంలోకి రావడం, అలా గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. నొప్పి మాత్ర కుక్క దొంగిలించి మింగడమే కాదు, మనం మింగించడమూ ఉంది. కాలు కుంటుతోందని సంకటి ముద్దలో డైక్లోఫెనాక్ పెట్టడం, ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ పెట్టడం. (కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీలు. మన చేతికి ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుంది.) ప్రేమతో పెట్టిన ముద్దే. కానీ మనిషి మోతాదు.

మనిషి మందు ఇంకో ప్రాణి కడుపులోకి పోతే ఎంత దూరం పోతుందో మనదేశం ఒకసారి చూసింది. 1990లలో భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో రాబందులు చెట్ల మీంచి రాలిపడుతున్నాయని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించాడు. 1992 నుంచి 2007లోపు తెల్లవీపు రాబందులు మనదేశంలో 99.9 శాతం పోయాయి. కారణం 2004లో బయటపడింది, పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే పశువైద్యుడి బృందం పనిచేసిన చోట. పశువులకు నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తున్నారు. ఆ పశువు చస్తే కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు ఆగిపోతున్నాయి. కోసి చూస్తే అవయవాల మీద సుద్దపొడి చల్లినట్టు యూరిక్ ఆమ్లం. కిలోకు పావు మిల్లీగ్రాము కూడా అక్కర్లేదు. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొట్టాల్లోకి చేరుతూనే ఉంటే 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను కూడా 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. పశువుల మందులుగా ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ కూడా 2023లో నిషేధం దారి పట్టాయి. రాబందు వదిలేసిన కళేబరాలను తిన్నదెవరు? ఊరకుక్కలు. రాబందులు పోయిన ఆ దశాబ్దంలో దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు పెరిగి ఉంటాయని ఒక అంచనా.

ఒకే మాత్ర, మూడు ప్రాణులు, మూడు ఫలితాలు. రాబందుకు క్షేమమైన మెలోక్సికామ్ కుక్కకూ ఇస్తారు, కానీ కిలోకు 0.1 మిల్లీగ్రాము లెక్కన. మనుషుల 15 మిల్లీగ్రాముల మాత్ర పది కిలోల కుక్కకు పదిహేను రోజుల మోతాదు.

మిగతా గూడు

షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే వాంతులతో పోతుంది తరచూ. గ్లిమెపిరైడ్ కలిసినదైతే రక్తంలో చక్కెర పడిపోయి కుక్క సొమ్మసిల్లుతుంది. అప్పుడు మాత్రం ఇంట్లో చేయదగ్గ పని ఒకటుంది, తేనెనో బెల్లం పాకాన్నో వేలితో చిగుళ్లకు రాయడం. పొయ్యడం కాదు, రాయడం. చక్కెరను చిగుళ్లు కూడా కొంత పీల్చుకుంటాయి, గొంతు పట్టుకోదు. ఆపైన ఒక రోజంతా గమనించాలి. బీపీ మాత్రల్లో ఆమ్లోడిపిన్, అటెనొలాల్ లాంటివి గుండె వేగాన్నీ రక్తపోటునూ పడగొడతాయి. వాటికి భాగహారం చేసుకుంటూ కూర్చోకుండా బయల్దేరడమే మంచిది.

కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముంటుంది. పదిహేను మింగిన 12 కిలోల కుక్కకు కిలోకు 75. అరవై దాటితే ప్రమాదం. ఇనుము దొంగబుద్ధి గలది. మొదటి గంటల్లో రక్తంతో వాంతులు, తర్వాత కుదుటపడినట్టు కనిపిస్తుంది, ఆ నమ్మకంతో మనం పడుకున్నాక కాలేయం కుప్పకూలుతుంది.

కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది చిన్న మాత్ర, డి విటమిన్. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మెత్తటి బిళ్ల. తీయగా, నూనెగా, నమలడానికి బాగుంటుంది. విటమినే కదా అని ఎవరూ లెక్కచేయరు. అరవై వేల యూనిట్లంటే 1.5 మిల్లీగ్రాములు. కుక్కకు కిలోకు 0.1 దాటితే వైద్యం మొదలుపెట్టాల్సిందే. 12 కిలోల రాజా ఒక్క బిళ్ల మింగినా 0.125. నాలుగు బిళ్లల షీటంతా మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల్లో సున్నంలా పేరుకుంటుంది. ఆ లక్షణాలు మర్నాటికి గానీ బయటపడవు, వైద్యం వారాలు సాగుతుంది.

థైరాయిడ్ మాత్ర దీనికి సరిగ్గా తలకిందులు. 100 మైక్రోగ్రాముల మాత్రలు పది మింగిందని కంగారుపడే ఇంట్లో పశువైద్యుడు నవ్వవచ్చు కూడా. కుక్క ఆ హార్మోన్‌ను ఎంత వేగంగా ఖర్చుచేస్తుందంటే, థైరాయిడ్ లోపమున్న కుక్కకు రోజూ ఇచ్చే మోతాదు కిలో లెక్కన మనిషికన్నా ఇరవై రెట్లకు పైనే. అందుకే "ఏం మాత్ర?" అన్నది "ఎన్ని?" కన్నా ముందు ప్రశ్న.

డాక్టరు చేసేది

శింగనమల నుంచి అనంతపురం దాదాపు పాతిక కిలోమీటర్లు. పశువైద్య కళాశాల ఉన్న ప్రొద్దుటూరు వంద దాటి. ముందు ఊళ్లోని పశువుల ఆస్పత్రికి, రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకుడికి ఫోన్ చేయాలి. 1962కు చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. 2022 మే 19న మొదటి విడతలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 బండ్లు బయల్దేరాయి. ఆ బండ్లు ముఖ్యంగా పాడి పశువులు, గొర్రెల కోసం తిరిగేవి, రాత్రిపూట వస్తాయని ధీమా పడొద్దు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి నడుస్తున్న జాతీయ విష సమాచార కేంద్రం మనుషుల కోసం. ఫోన్లో చెప్పాల్సింది మూడు అంకెలు, ఒక పేరు. మాత్ర పేరు, మిల్లీగ్రాములెన్ని, కుక్క బరువెంత, వేళెంత. "అన్నా, పారాసిటమాల్ ఆరువందల యాబై, నాలుగు. కుక్క పన్నెండు కిలోలు. తిని అరగంటైంది." ఇంత చెబితే అవతలి మనిషి ఇంకేమీ అడగకుండా రమ్మంటాడో వద్దంటాడో తేలుస్తాడు.

పశువైద్యుడు కక్కించడానికి ఉప్పు వాడడు. అపోమార్ఫిన్ లాంటి మందు సూది వేస్తే అది కడుపును తాకకుండానే మెదడులోని వాంతి కేంద్రాన్ని లేపుతుంది. కుక్క మగతగా ఉన్నా, ఫిట్స్‌లో ఉన్నా, మూతి పొట్టి జాతిదైనా కక్కించడం మానేస్తాడు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుందని. తర్వాత ఉత్తేజిత బొగ్గు. పొయ్యిలో బొగ్గు నూరితే అది కాదు. దీన్ని ఆవిరితో కాల్చి లోపలంతా సూక్ష్మమైన రంధ్రాలు చేస్తారు, ఒక గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం, పావెకరా చేను. మందు అణువులు ఆ గోడలకు అతుక్కుని పేగు దాటి బయటికి పోతాయి. పందొమ్మిదో శతాబ్దంలో తూరీ అనే ఫ్రెంచి ఫార్మసిస్టు పెద్దల ఎదుట, మనిషిని చంపే మోతాదుకు పది రెట్లు స్ట్రిక్నిన్‌ను 15 గ్రాముల బొగ్గుతో కలిపి మింగి లేచి నిలబడ్డాడని వైద్య చరిత్రల్లో ఉంది. ఆ స్ట్రిక్నిన్ ముష్టి గింజల్లోనిదే, మున్సిపాలిటీలు ఒకప్పుడు వీధికుక్కలకు పెట్టిన విషం. బొగ్గు ఇనుమును మాత్రం పట్టుకోలేదు.

రాజాకు 12 నుంచి 24 గ్రాముల బొగ్గు చాలు. పారాసిటమాల్‌కు విరుగుడు ఎన్-అసెటైల్ సిస్టీన్. మనుషుల మెడికల్ షాపులో కఫం కరగడానికి అమ్మేదే. కాలేయంలో తరిగిపోయిన గ్లుటాథయోన్ అనే కాపలాదారుకు ముడిసరుకు ఇది. మొదట కిలోకు 140 మిల్లీగ్రాములు, తర్వాత ఆరు గంటలకోసారి 70, కనీసం ఏడు సార్లు. దాదాపు రెండు రోజులు. పశువుల ఆస్పత్రిలో ఆ మందు లేకపోతే డాక్టరు చీటీ రాస్తాడు, ఇంట్లో వాళ్లు మందుల షాపుకు పరిగెత్తాలి. మనిషి మాత్ర చేసిన గాయానికి మనిషి మందే కట్టు.

రాత్రి ఇంటికి తెచ్చాక రాజాను వేపచెట్టు కిందే పడుకోబెట్టారు. పక్కన నీళ్ల గిన్నె, అది తాగితే తాగుతుంది, లేకపోతే లేదు. మనవడు రెండు గంటలకోసారి సెల్‌ఫోన్ లైటు వేసి పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలు నొక్కి వదులుతున్నాడు. తెల్లబడిన చోటు మళ్లీ ఎర్రబడేదాకా లోపల లెక్కపెట్టుకుంటాడు. ఒకటి, రెండు. రెండు దాటకూడదన్నాడు డాక్టరు. పదింటికి రంగు ఇంకా మట్టిలా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి ఒకటి అనేలోపే ఎరుపొచ్చింది. అవ్వ లోపలికి పోయి మందుల కవరు తీసి, గూట్లో కాక పై అటక మీద చాటల పక్కన పెట్టి, అందుతుందా అందదా అని తనే ఒకసారి చెయ్యి చాచి చూసుకుంది.